చంద్రుడి దూరం, మన భయం

2018 జనవరి 31 సాయంత్రం హైదరాబాద్‌లో చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. 6 గంటల 21 నిమిషాలకు పూర్తిగా భూమి నీడలోకి వెళ్లి, 7 గంటల 38 నిమిషాల దాకా రాగి రంగులో కనిపించాడు. మర్నాడు ఉప్పల్ చిల్కానగర్‌లో ఒక ఇంటి మేడ మీద పసిబిడ్డ తల దొరికింది. గ్రహణం రాత్రి క్షుద్రపూజ చేసి ఆ బిడ్డను బలి ఇచ్చారని, ఇంట్లో ఒకరి జబ్బు నయమవుతుందన్న నమ్మకమే దానికి కారణమని పోలీసులు తర్వాత ప్రకటించారు.

ఆ గ్రహణాన్ని సూపర్ మూన్ అన్నారు, బ్లూ మూన్ అన్నారు, బ్లడ్ మూన్ అన్నారు. నెలలో రెండో పౌర్ణమి కావడం వల్ల బ్లూ మూన్. గ్రహణంలో ఎర్రబడటం వల్ల బ్లడ్ మూన్. ఇక సూపర్ మూన్ అన్నది చంద్రుడు ఎంత దగ్గరగా ఉన్నాడన్న సంగతి. మామూలుగా లేని శక్తి ఏదో ఆ రాత్రి ఆకాశంలో ఉందని జనం అనుకున్నది ఎక్కువగా ఈ దగ్గరితనం వల్లే కాబట్టి, అదేమిటో చూద్దాం.

చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు, కొంచెం సాగిన దీర్ఘవృత్తం. భూమి దాని నడిమధ్యన కాక ఒక పక్కకు ఉంటుంది. అందువల్ల ఇరవై ఏడున్నర రోజులకొకసారి చంద్రుడు మనకు బాగా దగ్గరగా వస్తాడు, మరో రెండు వారాలకు దూరంగా పోతాడు. దగ్గరి చోటు పెరిజీ, దూరపు చోటు అపోజీ. 2018 జనవరి 30న పెరిజీలో చంద్రుడి దూరం సుమారు 3,59,000 కిలోమీటర్లు. ఆ నెల 1వ తేదీన అంతకంటే దగ్గరగా, సుమారు 3,56,600 కిలోమీటర్లకు వచ్చి వెళ్లాడు. అది కూడా పౌర్ణమి వేళే. ఆ రాత్రిని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే గ్రహణం లేదు.

అదే ఏడాది జూలై 27 అర్ధరాత్రి దాటాక మరో సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. ఈసారి చంద్రుడు అపోజీ దగ్గర, 4,06,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. జనవరి గ్రహణంలో సంపూర్ణ దశ 76 నిమిషాలైతే జూలైలో 103 నిమిషాలు, ఈ శతాబ్దంలోనే అతి దీర్ఘం. కారణం తేలికే. దూరంగా ఉన్నప్పుడు చంద్రుడు నెమ్మదిగా కదులుతాడు, పైగా ఆసారి నీడకు నడిమధ్యగా వెళ్లాడు. దగ్గరికి రావడమే ప్రమాదమైతే జూలైలో నిశ్చింతగా ఉండాలి కదా? అప్పుడూ గుళ్లు మూశారు, గర్భిణులను గదుల్లో కూర్చోబెట్టారు. దగ్గరికొచ్చినా భయమే, దూరం పోయినా భయమే అయినప్పుడు ఆ భయానికి చంద్రుడితో సంబంధం లేదు.

సముద్రాన్ని లాగే చంద్రుడు మనిషిని లాగడా అని చదువుకున్నవాళ్లే అడుగుతారు. ఈ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఆటుపోట్లు చంద్రుడు లాగడం వల్ల మాత్రమే రావు. భూమికి ఈ వైపున ఎంత లాగుతున్నాడు, ఆ వైపున ఎంత లాగుతున్నాడు అన్న తేడా వల్ల వస్తాయి. భూమి వ్యాసం 12,700 కిలోమీటర్లకు పైగా ఉంది కాబట్టి ఆ తేడా సముద్రంలో కనిపిస్తుంది. తల నుంచి పాదం దాకా రెండు మీటర్లు లేని మనిషిలో ఆ తేడా, భూమి మనల్ని లాగే బలంలో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. చిల్కానగర్‌కు కొద్ది కిలోమీటర్లలో, ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడ్డ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. అలాంటి చోట్ల భూమి గురుత్వాన్ని సూక్ష్మంగా కొలిచే శాస్త్రవేత్తలు చంద్రుడి ప్రభావాన్ని సూత్రం ప్రకారం లెక్కకట్టి తమ కొలతల్లోంచి తీసేస్తారు. ఉన్న ప్రభావమంతా అదే. అది రోగాన్ని తేదు, తీర్చదు.

సూర్యుడి విషయంలోనూ ఇలాంటి మాటే ఫోన్లలో తిరుగుతుంటుంది. అపహేళి, అంటే భూమి సూర్యుడికి అన్నిటికన్నా దూరంగా ఉండే చోటు, వస్తోందని, సూర్యుడి దూరం 9 కోట్ల కిలోమీటర్ల నుంచి 15.2 కోట్లకు పెరుగుతుందని, చలి, దగ్గు, జ్వరాలు వస్తాయని ఆ సందేశం. మొదటి అంకె శుద్ధ అబద్ధం. జనవరి మొదట్లో, దగ్గరి చోటైన పరిహేళిలో, దూరం సుమారు 14.71 కోట్లు. జూలై మొదట్లో 15.21 కోట్లు. నూటికి మూడు వంతుల పైచిలుకు తేడా. సూర్యుడు అన్నిటికన్నా దగ్గరగా ఉండే జనవరిలోనే నాచారంలో పొద్దున షిఫ్టుకు వెళ్లేవాళ్లు స్వెట్టర్లు వేసుకుంటారు. దూరం పెరుగుతూ పోయే మే నెలలో ఉప్పల్ చౌరస్తాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన రుతువులు భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి ఉండటం వల్ల వస్తున్నాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. గ్రహణ సమయం కోసం మనం చూసే పంచాంగం ఈ దగ్గర, దూరాల గణితం మీదే నిలబడింది. చంద్రుడి దూరపు బిందువును మన జ్యోతిర్గణితం మందోచ్చ అంది. అది కూడా ఆకాశంలో కదులుతుందని గుర్తించింది. 43,20,000 ఏళ్ల మహాయుగంలో అది 4,88,219 చుట్లు తిరుగుతుందని ఆర్యభటుడు లెక్క చెప్పాడు. అంటే ఒక చుట్టుకు 8.85 ఏళ్లు. నేటి లెక్కా అంతే. టెలిస్కోపు పుట్టకముందు ఇంత కచ్చితంగా గణించిన వారసత్వం మనది. దాన్ని బడిలో చెప్పకుండా, గ్రహణం విడిచే దాకా అన్నం ముట్టొద్దని మాత్రం పిల్లలకు నేర్పుతున్నాం.

మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో నరబలి, క్షుద్రపూజల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలంగాణకూ అలాంటి చట్టం కావాలి. కానీ చట్టం కదిలేది ప్రాణం పోయాక. అంతకుముందు పని బడిది. 2028 డిసెంబర్ 31 రాత్రి మన ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. అది ఆ నెలలో రెండో పౌర్ణమి కూడా. ఉప్పల్, నాచారం టీచర్లు ఆ రాత్రి చంద్రుడి దూరాన్ని, నీడలోకి వెళ్లే నిమిషాన్ని తమ పిల్లల చేత ముందే లెక్క వేయించాలి. టీవీలో ఎవరో వచ్చి రాశుల ప్రకారం ఎవరికి కీడో చెప్పేలోపే ఆ పని జరగాలి.