అంకె కుదిరింది, ఇంజన్ కుదిరిందా?

సెలవుల్లో పిల్లవాడు గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుంటే తల్లిదండ్రులకు ఆందోళన కలగడం సహజం. ఆ ఆందోళన నిరాధారమైనదీ కాదు. కాలాన్ని మింగివేసే ఆటలకు ఈనాడు కొదువ లేదు. అయితే తెర మీద కనిపించే ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అక్కడ జరుగుతున్న పని ఏమిటో తెలుసుకున్న తరువాతనే తీర్పు చెప్పాలి. అలాంటి ఒక ఆట గురించి, దాని చుట్టూ పెరిగిన ఒక అభిరుచి గురించి ఈ నెల ఆలోచిద్దాం.

ఆ ఆట పేరు 'ఆటోమేషన్'. న్యూజిలాండ్‌లో ప్రారంభమైన కామ్‌షాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ దీనిని రూపొందించింది. ఇందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు. ఆడేవాడు కార్ల కంపెనీలో ఇంజనీరు స్థానంలో కూర్చుంటాడు. సిలిండర్లు ఎన్ని ఉండాలి, వాటి లోపలి వ్యాసం ఎంత, పిస్టన్ ఎంత దూరం ప్రయాణించాలి, వాల్వులు ఎన్ని, కంప్రెషన్ ఎంత, పెట్రోలు కార్బురేటర్ ద్వారా రావాలా, ఇంజెక్షన్ ద్వారా రావాలా అనే విషయాలన్నీ తానే నిర్ణయిస్తాడు. అప్పుడు ఆట ఆ ఇంజన్‌ను తిప్పి, ఏ వేగం వద్ద ఎంత శక్తి వస్తుందో రేఖ గీసి చూపుతుంది. కొందరు తమ ఊహలో పుట్టిన ఇంజన్లతో తృప్తి చెందరు. నిజంగా రోడ్ల మీద తిరిగిన కార్ల ఇంజన్లను ఇందులో యథాతథంగా పునఃసృష్టించాలని పూనుకుంటారు. మనం చెప్పుకోదలచినది ఈ పూనిక గురించే.

మనందరికీ తెలిసిన కారునే ఉదాహరణగా తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కు మూడు సిలిండర్ల ఇంజన్ ఉండేది. సిలిండర్ లోపలి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు. పిస్టన్ ప్రయాణించే దూరం 72 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం కట్టే సూత్రం మన పిల్లలకు బడిలోనే నేర్పుతారు. ఆ సూత్రం ప్రకారం ఒక్కో సిలిండరు సుమారు 265 ఘన సెంటీమీటర్లు. మూడింటికి కలిపి 796. కారు పేరులోని 800 అనే అంకె పుట్టిన చోటు ఇదే. పరీక్ష కోసం కంఠస్థం చేసిన సూత్రానికి ప్రాణం వచ్చే క్షణమిది.

కొలతలు ఇవ్వడం తేలికే. కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఇంజెక్షన్ పద్ధతి వచ్చిన తరువాతి మారుతి 800 ఇంజన్‌కు చెప్పిన శక్తి, నిమిషానికి 5000 చుట్ల వద్ద 37 అశ్వశక్తి. పిల్లవాడు కొలతలన్నీ సరిగ్గానే ఇచ్చాడు, కాని తెర మీద 33 వచ్చిందనుకోండి. అప్పుడేం చేయాలి? దగ్గరి దారులు ఉన్నాయి. కంప్రెషన్ పెంచితే శక్తి పెరుగుతుంది. అయితే మామూలు పెట్రోలుతో ఆ ఇంజన్ కొట్టుకుంటుంది. అంటే ఇంధన మిశ్రమం సమయానికి ముందే తనంతట తాను అంటుకుని, పిస్టన్‌ను దెబ్బతీస్తుంది. ఆ చిక్కును దాటడానికి ఖరీదైన పెట్రోలు ఎంచుకోవచ్చు. లేదా విడిభాగాల నాణ్యతను ఎక్కువ తక్కువ చేసే మీటలు ఆటలోనే ఉన్నాయి, వాటిని కాస్త జరిపితే సరి. 37 వచ్చేస్తుంది. కాని అది మారుతి ఇంజన్ కాదు. దాని అంకెను తగిలించుకున్న మరొక ఇంజన్.

ఈ తేడా ఎంత లోతైనదో తెలియాలంటే 2000 సంవత్సరంలో వచ్చిన ఆల్టోను పక్కన పెట్టి చూడాలి. దానిలోనూ మూడు సిలిండర్లే. అదే 68.5, అదే 72, అదే 796. కాని శక్తి 46 అశ్వశక్తి, అదీ 6200 చుట్ల వద్ద. కొలతలు మారలేదు, శక్తి మాత్రం సుమారు నాలుగో వంతు పెరిగింది. ఇది ఎలా సాధ్యమైంది?

శక్తి అంటే తిప్పే బలాన్ని తిరిగే వేగంతో గుణించగా వచ్చేది. ఆ తిప్పే బలాన్నే టార్క్ అంటారు. లెక్క కట్టి చూస్తే 5000 చుట్ల వద్ద 800 ఇంజన్ టార్క్ సుమారు 53 న్యూటన్ మీటర్లు. 6200 చుట్ల వద్ద ఆల్టో టార్క్ కూడా సుమారు 53. అంటే ఆల్టో ఇంజన్ ఎక్కువ బలంగా తిప్పడం లేదు. అంతే బలాన్ని ఎక్కువ వేగం వరకు నిలుపుకోగలుగుతోంది, అంతే. 5000 చుట్ల వేగంలో పిస్టన్ ఒక్కసారి కిందికి దిగడానికి పట్టే కాలం సెకనులో వెయ్యింట ఆరు వంతులు. ఆ రెప్పపాటులోనే సిలిండరు నిండా గాలి పీల్చుకోవాలి. వేగం పెరిగిన కొద్దీ ఆ వ్యవధి ఇంకా తగ్గుతుంది. 800లో సిలిండరుకు రెండు వాల్వులు. ఆల్టోలో నాలుగు. ద్వారాలు పెరిగాయి కనుక ఊపిరి సులువైంది.

ఇప్పుడు ఆలోచించండి. మీటలు జరిపి 37ను రప్పించిన పిల్లవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. రేఖ మొత్తాన్ని చూసి, '5000 దగ్గర కుదిరింది కాని 2500 దగ్గర 59 న్యూటన్ మీటర్లు రావలసి ఉండగా రాలేదేమి?' అని ప్రశ్నించుకున్నవాడికే తెలుస్తుంది. తేడా వచ్చిన చోటనే విద్య ఉంది. ఆ తేడాను కప్పిపుచ్చితే విద్య కూడా దాని కిందనే కప్పబడిపోతుంది.

ఇది ఆటతో ముగిసే విషయం కాదు. జవాబు ముందే తెలుసుకుని, దానికి తగినట్లు రీడింగులను వెనుక నుంచి రాసుకునే అలవాటు మన ప్రయోగశాలల రికార్డు పుస్తకాలలో ఎంతగా పాతుకుపోయిందో ఉపాధ్యాయులకు తెలుసు. ఆ అలవాటుతో పెరిగిన విద్యార్థి రేపు ఇంజనీరు అవుతాడు. అతడు సంతకం చేసిన బ్రేకును నమ్మి ఒక కుటుంబం ప్రయాణం చేస్తుంది. కాగితం మీద కుదిరిన అంకె ఘాట్ రోడ్డు మీద ఆ కుటుంబాన్ని కాపాడదు.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. ఎంత చక్కగా రూపొందించినా ఆట ఆటే. అది యథార్థానికి ఒక నమూనా మాత్రమే. అన్ని కొలతలూ నిజాయితీగా ఇచ్చినా కొంత తేడా మిగలవచ్చు. ఆ మిగిలిన తేడాను మిగిలినట్లే రాసి పెట్టుకోవడం అపజయం కాదు. శాస్త్రవేత్తలు చేసే పని అదే.

కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. ఆటకు వేళ నిర్ణయించండి. చదువుకూ నిద్రకూ భంగం కలగనీయకండి. కాని ఆ వేళలో ఒక పది నిమిషాలు పక్కన కూర్చోండి. "అబ్బా, 37 వచ్చింది!" అని వాడు సంబరపడితే, "శభాష్" అని లేచిపోకండి. "ఎలా వచ్చింది బేటా? ఏమేమి మార్చావు? ఆ మార్పు అసలు ఇంజన్‌లో ఉందా?" అని అడగండి. మీకు ఇంజన్ల గురించి ఏమీ తెలియనవసరం లేదు, అడగడమే చాలు. వీలైతే ఒక ఆదివారం మీకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్ళి, విప్పి ఉన్న ఇంజన్‌ను చూపించండి. తెర మీద తాను తిప్పిన పిస్టన్‌ను వాడు చేతిలో పట్టుకుని దాని బరువు తెలుసుకోనివ్వండి. నూనె అంటిన ఆ చేతులతో వాడు ఇంటికి తిరిగి వస్తే, దయచేసి కోప్పడకండి.