గృహ విషయములు: నేరేడుపండ్లను దాచుట

తొలకరి వానలతో మా రాయికోడు, జహీరాబాదు ప్రాంతములకు నేరేడుపండ్లు వచ్చును. కొలది వారములలోనే కనుమఱుగగును. కోసిన పండు మఱునాటికే మెత్తబడి పులియ నారంభించును గావున, గంప నెత్తిన బెట్టుకొని వచ్చు స్త్రీకి ప్రొద్దు గ్రుంకులోపల దాని నమ్ముకొనక తప్పదు. సాయంకాలము దాక వేచి సగము వెలకు గొనుటయే నేర్పని మనలో ననేకులు తలంతురు. పండ్లను ఫ్రీజరులో దాచదలచిన వారి కీ నేర్పు చేటు. చలి పండును బాగుచేయదు. ఉన్న స్థితిలో నిలుపును, అంతియే. సోదరీమణులారా, ఉదయముననే, ఆమె యడిగిన వెలకే, బిగువైన పండ్లను గొనుడు.

పగిలినవానిని ఏరివేసి, మంచినీట కడిగి, బట్టపై ఆఱబోయవలెను. తడి మిగిలినచో పండ్లన్నియు నొక్క ముద్దయగును. వెడల్పు పళ్లెమున నొకదాని నొకటి తాకకుండ పఱచి, రాత్రియెల్ల ఫ్రీజరులో నుంచి, గోలీలవలె గట్టిపడిన పిదప మూత బిగువైన డబ్బాలకెత్తి, పైన తారీఖు వ్రాయవలెను. చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చునే కాని చంపదు. కావున కడుగుటలో నుపేక్ష కూడదు.

కరగిన పండు మెత్తనైనంతమాత్రమున చెడినదనుకొనరాదు. పండులోని నీరు మెల్లగా గడ్డకట్టునపుడు పెద్ద మంచుపలుకు లేర్పడి కణముల గోడలను చీల్చును. 1912లో లాబ్రడారునకు బోయిన అమెరికా దేశస్థుడు క్లారెన్స్ బర్డ్స్ఐ, అచ్చటి కొఱకు చలిలో వెంటనే బిగిసిన చేపలు కరగిన పిదపను తాజాగ నుండుట గాంచి, 1920ల దశకమున శీఘ్రముగ గడ్డకట్టించు యంత్రములను నిర్మించెను. మన యింటి పెట్టె కంత వేగము లేదు. కొద్దికొద్దిగ పెట్టుటయే యుపాయము. ఇట్టి పండు షరబతునకు తగును. సగము కరగినపుడిచ్చినచో పిల్లలు ఐసువలె చప్పరింతురు.

వానగాలికి కరెంటు పోవుట పల్లెలకు క్రొత్త కాదు. తలుపు తెఱవకున్నచో నిండిన డీప్ ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగము నిండినది 24 గంటలు చలి నిలుపును. మామూలు ఫ్రిజ్జు పైయఱ కంత శక్తి లేదు. ఊరికి బోవునపుడు గిన్నెలో నీరు గడ్డకట్టించి, దానిపై నొక నాణెముంచి పొండు. తిరిగివచ్చునప్పటికి నాణెము గిన్నె యడుగున నున్నచో, మీరు లేనపుడు సర్వము కరగి మరల బిగిసినదని తెలియవలెను. అట్టి పండ్లను, పైకెంత నిగనిగలాడుచున్నను, పిల్లలకు బెట్టకుడు.