నది వెంట కదిలే మోటారుకు పరీక్ష బిళ్ల ఎవరు కట్టాలి?

తుంగభద్రలో నీరు తగ్గేకొద్దీ మంత్రాలయం, కౌతాళం, నందవరం మండలాల ఒడ్డు పొలాల రైతులు మోనోబ్లాక్ మోటార్లను నీటి వెంట ముందుకు జరుపుతారు. జరిపిన ప్రతిసారీ కేబులు రాళ్ల మీద రాపిడికి గురవుతుంది. పాత అతుకుపై మరో చుట్టు టేపు పడుతుంది. స్టార్టరు కూడా కదులుతుంది గాని ఎర్తు మాత్రం పాత చోటనే ఉండిపోతుంది. విద్యుత్ భద్రతపై విస్తరణ సలహాలు ఇప్పటికీ ‘తడి చేతులతో స్విచ్చు తాకరాదు’ అన్న హెచ్చరిక వద్దనే ఆగుతున్నాయి. మాట సరైనదే. నీరు కట్టే రైతుకు పొడి చేతులు ఎక్కడివన్నదే ప్రశ్న.

ఫ్యూజు ఉన్నదన్న ధీమా మరింత ప్రమాదకరం. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు పూర్తి భారంపై సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని ఫ్యూజు తెగాలంటే అంతకన్న చాలా ఎక్కువ కరెంటు పారాలి. మనిషి ప్రాణానికి మాత్రం కొన్ని పదుల మిల్లీఆంపియర్లే ముప్పు. ప్రాణరక్షణకు వాడే లీకేజీ బ్రేకర్లను 30 మిల్లీఆంపియర్లకు అమర్చడం అందుకే. వైండింగ్ ఇన్సులేషన్ చెడి బాడీకి కరెంటు వచ్చినా, ఎర్తు సరిగా లేకపోతే ఫ్యూజు తెగదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు వస్తూనే ఉంటుంది. దానిని ముట్టుకున్నవారికే సంగతి తెలుస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి ఈ సమస్యను పెంచుతుంది. తేమ ఉన్నప్పుడు ఈ నేల ఎర్తుకు అనుకూలమే. వేసవిలో నెర్రెలిచ్చినప్పుడు రాడ్డుకూ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది. ఖరీఫ్‌లో సరిగా ఉన్న ఎర్తు ఏప్రిల్‌లో పనిచేయకపోవచ్చు. నేల స్వభావం తెలిసిన శాస్త్రవేత్తలే ఈ విషయాన్ని రైతుకు చెప్పవలసి ఉండగా, ఇది ఎలక్ట్రీషియన్ వ్యవహారమని వదిలివేయడం సమంజసం కాదు.

బ్రిటన్‌లో 1989 నాటి విద్యుత్ నియమాలు పరికరాలను ప్రమాదరహిత స్థితిలో ఉంచాలని మాత్రమే చెప్పాయి. పరీక్షించి చీటీ అంటించే ఆచారం ఆ బాధ్యత నుంచి పుట్టినది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి ప్రమాణం 3760 పరీక్షల గడువులను కూడా నిర్దేశించింది. పరీక్ష పెద్దదేమీ కాదు. ముందు కేబులు, ప్లగ్గు, అతుకులను కంటితో చూడాలి; లోపాలలో అధికభాగం అక్కడే బయటపడతాయి. తరువాత సరఫరా పూర్తిగా తొలగించి, 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకూ బాడీకీ మధ్య నిరోధం కనీసం 1 మెగాఓమ్ ఉన్నదీ లేనిదీ చూడాలి. బాడీ నుంచి ఎర్తు తీగ చివర వరకు నిరోధం 1 ఓమ్ మించరాదు.

ఈ పని ఎవరు చేయాలన్నదే అసలు చిక్కు. విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది వస్తే కనెక్షన్ తనిఖీకి వచ్చారని రైతు మోటారును దాచిపెడతాడు. కనుక బిళ్ల మీద యంత్రం వివరాలే ఉండాలి, సర్వీసు నంబరు ఉండరాదు. కాలిన మోటార్లు ఎలాగూ ఆదోని, ఎమ్మిగనూరులోని వైండింగ్ షాపులకే చేరుతాయి. వైండింగ్ సంగతి మెకానిక్‌కు బాగా తెలుసు. ఎర్తు తీగనూ చూసి పంపే అలవాటు కావాలి. ఆ మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి, మోటారు షాపు దాటకముందే బిళ్ల కట్టించడం అన్నిటికన్న తేలిక దారి. గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వచ్చే వ్యవసాయ విద్యార్థులు కంటి పరిశీలన వరకే చేయాలి. మెగ్గర్ వారి చేతికి ఇవ్వరాదు.

బిళ్ల భరోసా పత్రం కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఈ రోజు పరీక్షించిన కేబులును రేపు ఎలుక కొరకవచ్చు. అయితే తేదీ లేని యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు చూశారో చెప్పగలవారు ఎవరూ ఉండరు.

తొలి అడుగు బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల, సంస్థ సొంత గడ్డి కత్తిరించే యంత్రాలు, స్ప్రేయర్ చార్జర్లు, పంపులతో పడితే బాగుంటుంది. అద్దె యంత్ర కేంద్రాలు తరువాతి వరుస. అక్కడ యంత్రం బయటకు వెళ్లే ప్రతిసారీ పరిశీలన జరగాలి. కాగితపు చీటీ ఈ ఎండకూ తడికీ నిలవదు కనుక అల్యూమినియం బిళ్లపై పరీక్షించిన తేదీ, తదుపరి గడువు, పరీక్షించినవారి గుర్తు చెక్కించాలి. సరిహద్దు గ్రామాలలో తెలుగుతోపాటు కన్నడంలోనూ ఉండడం అవసరం.