అత్యధిక గోల్స్ ఎవరివి?

మన గోడపత్రికలో ఆటల మూల ఒకటుంది కదా. పోయినసారి అక్కడ "ఛాంపియన్స్ లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసినవారు" అని ఒక పట్టిక అంటించారు. రొనాల్డో 140, మెస్సీ 129, ఆ తర్వాత వంద దాటిన లెవాండోవ్‌స్కీ. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా పేచీ శీర్షికతోనే. "పురుషుల" అన్న మాట అందులో లేదు. అదే ఆడవాళ్ళ పట్టిక వేసి ఉంటే "మహిళల" అని తప్పకుండా రాసేవాళ్ళం. మన కాలేజీలో మగపిల్లలే లేరు. అయినా మన గోడ మీద కూడా ఉట్టి "ఛాంపియన్స్ లీగ్" అంటే మగవాళ్ళదే అయిపోయింది!

ఆ రెండో పట్టికలో మొదటి పేరు ఆడా హెగెర్‌బెర్గ్. నార్వే అమ్మాయి, ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్‌కి ఆడుతుంది. అంతకుముందు రికార్డు జర్మనీకి చెందిన అన్యా మిట్టాగ్‌ది, 51 గోల్స్. 2019 అక్టోబర్‌లో హెగెర్‌బెర్గ్ దాన్ని దాటి 53కి చేరింది. అప్పటికి ఈ పోటీలో ఆమె ఆడినవి 50 మ్యాచులే. ఇప్పుడు ఆమె గోల్స్ 60 దాటాయి.

"140 ఎక్కడ, 60 ఎక్కడ?" అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. జవాబు మాత్రం కాళ్ళ బలంలో లేదు, క్యాలెండర్‌లో ఉంది. మగవాళ్ళ యూరోపియన్ కప్పు 1955లో మొదలైంది. ఆడవాళ్ళ కప్పు మొదలైంది 2001లో. అంతకుముందు సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సంఘం 1921లో తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధం పెట్టింది. అది దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. మైదానమే ఇవ్వకుండా గోల్స్ లెక్క అడిగితే ఎలా?

మ్యాచుల సంఖ్య కూడా చూడండి. 2013-14లో రొనాల్డో ఒకే సీజన్‌లో 17 గోల్స్ చేశాడు. మగవాళ్ళ పోటీలో గ్రూపు దశ నుంచి ఫైనల్ దాకా వెళ్ళిన జట్టుకు ఆ రోజుల్లో 13 మ్యాచులు దొరికేవి. 2017-18లో హెగెర్‌బెర్గ్ ఒకే సీజన్‌లో 15 గోల్స్ చేసింది. అప్పుడు ఆడవాళ్ళ పోటీలో గ్రూపు దశే లేదు, ఫైనల్‌తో కలిపి ఆమె జట్టు ఆడినవి 9 మ్యాచులు. ఎవరు గొప్ప అని తేల్చడానికి ఈ లెక్క చెప్పట్లేదు. రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టి "చూశారా, ఎంత తేడానో" అనడం సరికాదని చెప్పడానికే.

"మగవాళ్ళ ఆటనే జనం చూస్తారు, అందుకే ఆ పేరు వాళ్ళకి పోయింది" అనే వాదన ఇంకొకటి ఉంది. అందులో కొంత నిజముంది. కానీ చూడనిస్తే చూస్తారనేదీ నిజమే. 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా, వోల్ఫ్స్‌బుర్గ్ మహిళల సెమీఫైనల్‌కి క్యాంప్ నౌ స్టేడియానికి 91,648 మంది వచ్చారు.

మనం తెలుగు చదువుకుంటున్నవాళ్ళం కాబట్టి మాటల సంగతి కూడా మాట్లాడుకోవాలి. "ఆటగాడు" అంటే ఆడేవాడు, అంతే. మరి "ఆటకత్తె"? నిఘంటువు తీస్తే నాట్యం చేసే స్త్రీ అని ఉంటుంది. మనం గణాలు లెక్కపెట్టి పరీక్షల్లో రాసే "ఆటవెలది"కి కూడా మాటగా అర్థం అదే. అంటే మన భాషలో మగవాడు ఆడితే క్రీడ, ఆడది ఆడితే నాట్యం. ఇది మనకొక్కరికే ఉన్న రోగం కాదు. 2018 డిసెంబర్‌లో పారిస్‌లో ఆడవాళ్ళకి మొట్టమొదటి బాలన్ డోర్ ఇచ్చారు. అందుకున్నది హెగెర్‌బెర్గే. ప్రపంచంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా వేదిక మీద నిలబడ్డ అమ్మాయిని అక్కడి డీజే అడిగింది ఏమిటి? నడుము ఊపుతూ డాన్స్ చేయడం వచ్చా అని! ఆమె "నో" అని ముఖం తిప్పుకుంది. తర్వాత అతను క్షమాపణ చెప్పాడు, తానూ దాన్ని పెద్దది చేయలేదంది. ఆమె పెద్దమనసు ఆమెది. కానీ ఆ ప్రశ్న రొనాల్డోని ఎవరైనా అడుగుతారా?

ఆ మర్యాద కోసమే ఆమె 2017లో నార్వే జాతీయ జట్టుకు ఆడనని బయటికి వచ్చేసింది. అక్కడ ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని పట్టించుకునే తీరు బాగాలేదనేది ఆమె బాధ. 2019 ప్రపంచకప్ కూడా వదులుకుంది. అదే ఏడాది మే నెలలో, బుడాపెస్ట్‌లో బార్సిలోనాతో క్లబ్ ఫైనల్‌లో 16 నిమిషాల వ్యవధిలో మూడు గోల్స్ కొట్టింది. 2022లో మళ్ళీ దేశానికి ఆడి, తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే హ్యాట్రిక్ చేసింది. అలిగిందని అన్నవాళ్ళకి అదే జవాబు.

ఇదంతా ఎక్కడో యూరప్ గొడవ అనుకోవద్దు. 2022లో మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్ తరఫున ఆడి, ఈ పోటీలో అడుగుపెట్టిన మొదటి భారతీయురాలైంది. అదే ఏడాది నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కి వెళ్ళింది. మనమున్న ఈ తమిళనాడు జట్టు సేతు ఎఫ్‌సీ 2019లో భారత మహిళల లీగ్ గెలిచింది. ఈ మూడు సంగతులూ మన క్లాసులో ఎంతమందికి తెలుసు?

నేను కోరేది చిన్నదే. ఆటల మూల చూసే చెల్లెళ్ళూ, వచ్చేసారి రెండు పట్టికలూ వేయండి. ఒకదాని మీద "పురుషుల", ఇంకోదాని మీద "మహిళల" అని రాయండి. లేదా రెండిటి మీదా ఏమీ రాయకండి. ఒకదానికి మాత్రమే రాయడం మానేద్దాం. "ఆటకత్తె" అన్న మాటకు మైదానంలో ఆడే అమ్మాయి అనే అర్థాన్ని మనమే అలవాటు చేయగలమా, అది మన మేడమ్‌లు కూడా ఆలోచించి చెప్పాలి.