సెలవు చూసి కాదు, సముద్రం చూసి బయలుదేరాలి

కార్తీక మాసం వచ్చిందంటే ఉప్పాడ తీరం రోడ్డు మీద కార్లు, వ్యానులు బారులు తీరుతాయి. విశాఖ, హైదరాబాదుల నుంచి వచ్చే కుటుంబాలే కాదు, పిఠాపురం, పెద్దాపురం, తుని వైపు పల్లెల వారు కూడా నలుగురూ కలసి చందాలు వేసుకుని, వ్యాను మాట్లాడుకుని బయలుదేరుతున్నారు. పొద్దున ఉప్పాడ నుంచి కాకినాడ దాకా సముద్రపు ఒడ్డు, మధ్యాహ్నం కోరింగ మడ అడవులు, మర్నాడు రాజమహేంద్రవరం మీదుగా మారేడుమిల్లి, పాపికొండలు. రెండు రోజుల్లో సముద్రం, నది, అడవి మూడూ చూసి రావచ్చునన్నది వారి లెక్క.

లెక్క బాగానే ఉన్నది. అయితే అందులో సెలవు రోజులు ఎన్ని, ఆయిలు ఖర్చు ఎంత, భోజనాలు ఎక్కడ అన్నవి ఉంటున్నాయి గాని, ఆ రోజున సముద్రం ఎలా ఉన్నది, గోదావరి ఎలా ఉన్నది అన్న ప్రశ్న ఉండడం లేదు. ఈ దారిలో ముందుగా అడగవలసినది ఆ ప్రశ్నే.

ఉప్పాడ సంగతే చూడండి. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోసుకుంటూ వస్తున్నది. ఇళ్లు, గుళ్లు, కొబ్బరి తోటలు నీటిపాలయ్యాయి. నదుల మీద ఆనకట్టలు, జలాశయాలు వచ్చిన తర్వాత తీరానికి చేరే ఒండ్రు తగ్గిపోవడం ఇందుకొక కారణం. కోతను ఆపడానికి రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాల గోడ కట్టారు. అలలు వాటినీ దెబ్బ తీశాయి. 2025 అక్టోబరు ఆఖరులో మొంథా తుపాను కాకినాడ తీరాన్ని తాకినపుడు ఈ రోడ్డు మళ్లీ ధ్వంసమైంది. అది కార్తీక మాసమే అన్నది గమనించవలసిన విషయం. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. వనభోజనాల వ్యానులు కదిలేదీ అప్పుడే. పైగా పున్నమికి, అమావాస్యకు సముద్రపు పోటు ఎక్కువ. కార్తీక పౌర్ణమి నాడు పిల్లలను తీసుకుని ఆ రోడ్డు మీద నిలబడేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసు? ఉప్పాడలో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా పోటు ఎన్ని గంటలకో, పాటు ఎన్ని గంటలకో చెప్పగలడు. అడిగేవారే లేరు.

గోదావరి నేర్పిన పాఠం ఇంకా కఠినమైనది. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ గుడి వద్ద నుంచి పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద మునిగి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆనాడు గోదావరి వరద మీద ఉన్నది. అయినా బోటు కదిలింది. అది ఆదివారం, సెలవు దినం. మునిగిన బోటును దాదాపు అయిదు వారాల తర్వాత బయటికి తీసినది కాకినాడ నుంచి వెళ్లిన స్థానిక బృందం. నీటి సంగతి నీటి మీద బతికేవారికే ఎక్కువ తెలుసునని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. ఆ మాట బోటు మునిగిన తర్వాత కాక, కదలక ముందు వినవలసి ఉన్నది.

దూరపు కొండలు నునుపు అన్న సామెత మారేడుమిల్లి ఘాటు రోడ్డుకు సరిగ్గా సరిపోతుంది. కింద నుంచి చూస్తే పచ్చదనమే. ఎక్కితే మలుపు మీద మలుపు, తెల్లవారు జామున పొగమంచు. రాత్రంతా బండి నడిపిన డ్రైవరు చేత తెల్లవారేసరికి ఆ ఘాటు ఎక్కించడం విహారం అనిపించుకోదు. 2008లో జాతీయ పార్కు అయిన పాపికొండల అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందులో జంతువులతోబాటు కొండరెడ్లు, కోయలు కూడా ఉంటారు. వారి వాగులో సీసాలు పగలగొట్టి, చెట్టు మొదట్లో పొయ్యి వెలిగించి వచ్చేవారు తమ ఊరి చెరువు దగ్గర ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటారా?

కోరింగ సంగతీ అంతే. మడ, పొన్న, తిల్ల చెట్ల మధ్య వేసిన చెక్క బాట మీద నడవడం పిల్లలకు సరదాయే. నీటికుక్కలు, బావురుపిల్లులు ఆ అడవిలో ఉన్నాయి. అయితే ఆ చెట్లు వేడుకకు మాత్రమే నిలబడి లేవు. ఉప్పెన వచ్చినపుడు అల జోరును విరిచేవి, చేప పిల్లకు, రొయ్య పిల్లకు నీడనిచ్చేవి అవే. 1839 తుపాను ఉప్పెనలో కోరింగ రేవు నాశనమైన చరిత్ర ఈ ప్రాంతానిది. అక్కడ పారేసిన ప్లాస్టిక్ సంచి చివరకు మత్స్యకారుల వలలోకే వస్తుంది.

ఇంత చెప్పడం యాత్రలు మానమని కాదు. వేళ మార్చుకోమని. తుపాన్ల కాలం సద్దుమణిగిన తర్వాత, సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఈ దారికి అనువైన రోజులు. కోరింగకు వలస పక్షులు వచ్చి ఉంటాయి, కొండ మీద ఎండ బాధ ఉండదు. తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టేది కూడా ఆ రోజుల్లోనే కనుక, రాత్రి వేళ ఒడ్డున లైట్లు, గోల మానుకుంటే చాలు. రెండు రోజుల దారిని మూడు రోజులు చేసుకుని, రాత్రి ప్రయాణం తగ్గించుకుంటే డ్రైవరుకూ, పిల్లలకూ క్షేమం.

దారి పొడవునా ఉన్న ఊళ్లకు ఈ యాత్రల వల్ల దక్కుతున్నదేమిటో కూడా ఆలోచించవలసి ఉన్నది. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వారాల తరబడి మగ్గం మీద కూర్చుంటేగాని అది తయారు కాదు. కార్లేమో మగ్గాలున్న వీధిలోకి తిరగకుండానే సాగిపోతున్నాయి. ఊరికి దుమ్ము, చెత్త మిగిలి, డబ్బు మరొక చోటికి పోతున్నది.

ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు. తీరపు పంచాయతీలు ఆ రోజు పోటు వేళలను, తుపాను హెచ్చరికను రోడ్డు మొదట్లోనే బోర్డు మీద రాసి పెట్టవచ్చు. అల రోడ్డు మీదికి వచ్చే రోజున కార్లను ఆపే అధికారం ఎవరిదో రోడ్ల శాఖ, పోలీసు శాఖ ముందుగానే తేల్చాలి. బోటు రేవు వద్ద నీటి మట్టం, ఎక్కినవారి సంఖ్య అందరికీ కనిపించేలా రాయాలి. అడవి గేటు వద్ద లోపలికి తీసుకుపోయిన సీసాలను లెక్క పెట్టి, తిరిగి వచ్చేటపుడు చూపించమనాలి. నేత వీధికి దారి చూపే బోర్డు ఒకటి ఉప్పాడ సెంటరులో ఉండాలి.

యాత్రికుల పని అంతకంటె తేలిక. బయలుదేరే ముందు రోజు ఉప్పాడకు ఒకటి, రేవుకు ఒకటి ఫోను చేసి కనుక్కుంటే సరిపోతుంది. రావద్దని చెబితే ఆ వారం మానుకోవడమే మంచిది. ఆ కొండలు వచ్చే వారానికీ అక్కడే ఉంటాయి. చందాలు వేసుకుని బయలుదేరిన వారందరూ క్షేమంగా ఇల్లు చేరడం ముఖ్యం.