సంగీత పరిచర్య: వినబడని గిటారు

గిటారు పట్టిన మన యౌవనస్థులు మొదట అడిగేది ఆంప్లిఫయరు. అమెరికాలో ఫ్రెడ్డీ గ్రీన్ అను వాద్యకారుని సంగతి వారు వినవలెను. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందములో చేరి, 1987లో మరణించువరకు, ఇంచుమించు 50 ఏండ్లు అందులోనే వాయించెను. సోలో వాయించుట బహు అరుదు.

ఆయన గిటారు లోపల బోలు. పైచెక్క ఉబ్బెత్తుగా, వయొలిన్‌కు వలె రెండు పొడవాటి రంధ్రములతో ఉండును. తీగలు బాగా ఎత్తున అమర్చుకొనెను. వ్రేళ్లు నొచ్చును గాని, ఆంప్లిఫయరు లేకయే ధ్వని గట్టిగా వచ్చును. వరుసకు నాలుగు దెబ్బలు. రెండవది, నాలుగవది కొంచెము బరువు. దెబ్బ పడగానే ఎడమచేతి పట్టు సడలించును, నాదము సాగక తెగిపోవును. కార్డుకు రెండు మూడు స్వరములే, ఒక్కొక్కప్పుడు ఒక్కటే! అన్ని బాకాల మధ్య ఆ గిటారు విడిగా వినబడుట కష్టము. అయినను బాసు, డ్రమ్ములతో కలిసి బృందమునకు నడక ఇచ్చినది అదే.

మన ఆరాధనలో వృద్ధులైన తల్లులు పాడే కీర్తన స్పీకరు హోరులో మునిగిపోవుచున్నది. వారిలో కొందరు పాడుటయే మానుకొన్నారు. తమ్ముళ్లారా, ఈ నెల ఒక్క ఆదివారము ప్లగ్గు తీసివేసి, వారి గొంతు మీకు వినబడునంత మెల్లగా నాలుగు దెబ్బలు వాయించి చూడండి. మూడు లెక్కల పాటలకు ఇది కుదరదు. వాటి సంగతి వచ్చే నెల.