రెండు వేలు మిగిలితే చాలా?

ఆఫీసు కంప్యూటర్ మార్చాలన్నదానికి మేము అడ్డం చెప్పడం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది, మన పాత దానిలో 11 ఎక్కదు. కానీ "ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువ, ఆర్డర్ పెట్టేద్దాం" అని కుర్రవాళ్ళు గ్రూపులోనే తేల్చేస్తున్నారే, దానికి మేము ఒప్పుకోము.

డెలివరీ అబ్బాయి డబ్బా ఇచ్చి వెళ్ళిపోతాడు. తర్వాత? సభ్యుల జాబితా, పెళ్ళి సంబంధాల వివరాలు, 20 ఏళ్ళ మినిట్స్ అన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనబడదు, పిచ్చి గీతలు కనబడతాయి. వారంటీ ఉందంటారు. వారంటీ చెడిపోయిన బోర్డుకు, డిస్కుకు. మన ఫైళ్ళకు కాదు.

మన చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉంది. పాత ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి, "ఇవి తెరిచి చూపించు, తెలుగు కీబోర్డ్ పెట్టివ్వు, రేపు చిక్కొస్తే ఎవరు వస్తారు?" అని కొనకముందే అడుగుదాం. దగ్గర కూర్చుని చేసిచ్చే మనిషి లేకపోతే పక్క అంగడికి పోదాం, ఆ వీధిలో అంగళ్ళకు కరువా? తమిళంలో అడగాలంటారా, మనం బడిలో చదివిందే అది!

"ఫోన్లో సపోర్ట్ ఉందిగా" అంటున్నారు. ఆఫీసులో కూర్చునేది అరవై దాటిన మేము. ఎవడో ఫోన్ చేసి స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమంటే వాడు కంపెనీవాడో దొంగో ఎట్లా తెలుస్తుంది? సంఘం బ్యాంకు ఖాతా చూసేదీ అందులోనే.

ఆదివారం తీర్మానంలో ధరతో పాటు అంగడి పేరు, సర్వీసుకు వచ్చే మనిషి నంబరు రాయండి. అవి లేని కాగితం మీద మేము సంతకం పెట్టము.